ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగితే ఏం చెయ్యాలి?



మన బడి వార్షిక సంచికలో కథలు, పాటలు, పిల్లల బొమ్మలు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన ఒక సైన్సు పాఠం కూడా తెలుగులో ఉంటే బాగుంటుందని బడిలో పాఠాలు చెప్పే మేము అనుకున్నాం. మేము ఆంధ్రాలో ఇంజనీరింగు చదువుకుని, వారమంతా కంప్యూటర్ల ముందు పనిచేసి, సెలవు రోజున అక్షరాలు దిద్దించేవాళ్ళం. కారు మెకానిక్కులం కాము. అయితే తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం మా రోజువారీ పని. ఆ వెతికే పద్ధతి ప్రోగ్రాముకైనా కారుకైనా ఒక్కటే. అందుకే ఈసారి కారు ఎయిర్‌బ్యాగ్‌ను పాఠంగా తీసుకున్నాం. ఇందులో కొంచెం లెక్క ఉంది, కొంచెం విద్యుత్తు ఉంది, ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన జాగ్రత్త చాలా ఉంది.

మన ఊరికీ ఈ పాఠానికీ సంబంధం

సేక్కాన్ అంటే బర్మా భాషలో రేవు అని అర్థం. స్ట్రాండ్ రోడ్డుకూ యాంగోన్ నదికీ మధ్య ఉన్న మన పేటకు ఆ పేరు తగినదే. ఒకప్పుడు కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ళు ఎంతోమంది ఈ రంగూన్ రేవులోనే మూటలు మోశారు. తరువాతి కాలంలో ఇదే నగరానికి ఓడల మీద వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది జపాన్ సెకండ్‌హ్యాండ్ కారు. 2011లో పాత కార్లు అప్పగించినవారికి కొత్తగా కారు దిగుమతి చేసుకునే అనుమతులు ఇవ్వడం మొదలయ్యాక, ప్రోబాక్స్‌లు, ఫిట్‌లు యాంగోన్ వీధులను నింపేశాయి.

ఈ దేశంలో 1970 నుంచి బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తున్నాయి. జపాన్ కార్లకేమో స్టీరింగు కూడా కుడివైపే ఉంటుంది. స్టీరింగు సంగతి అందరి కంటికీ కనిపిస్తుంది. కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. ఈ కార్ల పుస్తకాలు జపనీస్‌లో ఉంటాయి. ఎండ తగలకుండా దించుకునే అద్దాల పైపలక మీద అంటించిన హెచ్చరిక కూడా చాలా కార్లలో జపనీస్‌లోనే ఉంటుంది. మనం చదవలేం. మనకు అర్థమయ్యేలా కారు చెప్పగలిగేది ఒక్క బొమ్మ ద్వారానే: కూర్చున్న మనిషి, అతని ముందు ఒక గుండ్రటి బంతి. అదే ఎయిర్‌బ్యాగ్ దీపం. ఆ బొమ్మకు భాష అక్కర్లేదు.

రెప్పపాటులో సగం

తెలుగులో చాలా తక్కువ సమయాన్ని చెప్పడానికి "రెప్పపాటు" అంటాం. కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తడానికి సెకనులో పదో వంతో, అంతకన్నా కాస్త ఎక్కువో పడుతుంది. కారు దేనికైనా గుద్దుకున్న క్షణం నుంచి ఎయిర్‌బ్యాగ్ పూర్తిగా ఉబ్బడానికి పట్టేది దాదాపు సెకనులో ఇరవయ్యో వంతు. అంటే రెప్పపాటులో సగం!

ఆ కొద్ది సమయంలో నాలుగు పనులు జరుగుతాయి. మొదట, కారు ముందు భాగంలోను, లోపలి కంట్రోల్ పెట్టెలోను ఉన్న సెన్సర్లు వేగం ఒక్కసారిగా తగ్గడాన్ని గుర్తిస్తాయి. రెండోది, కంట్రోల్ పెట్టె ఇది గుంతలో పడ్డ కుదుపా, నిజమైన ప్రమాదమా అని లెక్క వేసుకుంటుంది. మూడోది, ప్రమాదమేనని తేలితే స్క్విబ్ అనే చిన్న నిప్పుముట్టించే తీగకు కరెంటు పంపుతుంది. నాలుగోది, ఆ నిప్పుతో ఇన్‌ఫ్లేటర్‌లోని మందు మండి గ్యాసు పుడుతుంది, సంచి ఉబ్బుతుంది. దీపావళి నాడు వత్తి అంటిస్తే చిచ్చుబుడ్డి వెలిగినట్లే. వత్తి బదులు ఇక్కడ కరెంటు.

కారులో గాలి సంచి పెట్టాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో జాన్ హెట్రిక్ అనే ఇంజనీరుకు 1953లోనే దాని మీద పేటెంటు వచ్చింది. నమ్మదగిన సెన్సర్లు లేక అది కార్లలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మన ఊళ్ళలో ఉన్న బంధువులు కొనే కార్లకూ ఇది తప్పనిసరే. భారతదేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలన్న నియమం వచ్చింది.

దీపం మాట్లాడే నాలుగు మాటలు

తాళం తిప్పగానే కంట్రోల్ పెట్టె తనను తాను పరీక్షించుకుంటుంది. ప్రతి స్క్విబ్ వలయంలోకి చాలా కొద్ది కరెంటు పంపి నిరోధం సరిగా ఉందో లేదో చూసుకుంటుంది. ఆ సమయంలో దీపం వెలుగుతుంది. పిల్లలూ, మీరు ముందుకు వంగి చూసి, మనసులో అంకెలు లెక్కపెట్టండి.

1. చాలా కార్లలో ఆరు అంకెల దాకా వెలిగి ఆరిపోతుంది. పరీక్ష పాసయిందని అర్థం.

2. ఆరకుండా వెలుగుతూనే ఉంది. ఎక్కడో తప్పు దొరికింది. ఇలాంటప్పుడు ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

3. అప్పుడప్పుడు వెలిగి ఆరుతోంది. ఎక్కడో కనెక్టరు వదులుగా ఉండవచ్చు, తీగ నలిగి ఉండవచ్చు. బ్యాటరీ బలహీనపడినా కొన్ని కార్లలో ఇలా జరుగుతుంది. కాబట్టి ముందు బ్యాటరీ చూడాలి.

4. అసలు వెలగనే లేదు. చాలామంది దీనిని చూసి సంతోషిస్తారు. కానీ నాలుగింటిలోను అనుమానించవలసింది దీనినే. బల్బు మాడిపోయి ఉండాలి, లేదా ఎవరో కావాలనే తీసేసి ఉండాలి.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ నాలుగో మాట బాగా గుర్తుంచుకోవాలి. ఒకసారి ప్రమాదంలో తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్‌ను మార్చాలంటే ఖర్చు ఎక్కువ. డబ్బు మిగుల్చుకోవడానికి కొందరు దీపం పీకేస్తారు. ఇంకొందరు ఖాళీ స్టీరింగు మూతను అతికించి, కనెక్టరులో రెండు ఓముల చిన్న రెసిస్టరు గుచ్చుతారు. కంట్రోల్ పెట్టె పాపం అదే స్క్విబ్ అనుకుంటుంది, దీపం ఆరు అంకెలకు బుద్ధిగా ఆరిపోతుంది. సంచి మాత్రం ఉండదు. అందుకే కొనేముందు తెలిసిన మెకానిక్కు చేత మూత విప్పించి చూపించుకోవడం మంచిది. వంద డాలర్ల బేరంలో పోగొట్టుకునేది ప్రాణం కాకూడదు.

తప్పు ఎందుకు వస్తుంది?

ఎయిర్‌బ్యాగ్ తీగలకు, కనెక్టర్లకు పసుపు రంగు వేస్తారు. పసుపు కనిపిస్తే చెయ్యి పెట్టవద్దని అర్థం. స్క్విబ్ నిరోధం సుమారు 2 నుంచి 3 ఓములు మాత్రమే. ఇంత చిన్న నిరోధం ఉన్న వలయంలో కనెక్టరు పిన్ను మీద కాస్త తుప్పు పట్టినా ఇంకో రెండు మూడు ఓములు చేరి, కంట్రోల్ పెట్టెకు తేడా తెలిసిపోతుంది.

యాంగోన్‌లో ఆ తుప్పుకు కొదవ లేదు. వానాకాలంలో వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి. కారు లోపలికి నీరు చేరితే ముందు తడిసేవి సీట్ల కింది పసుపు కనెక్టర్లు, చాలా కార్లలో మధ్యన నేల మీదనే బిగించి ఉండే కంట్రోల్ పెట్టె. సీటు కవర్లు తొడిగేటప్పుడు, స్పీకర్లు బిగించేటప్పుడు కింది కనెక్టరు లాగేసి సరిగా పెట్టకపోవడం ఇంకో కారణం. నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు తీగలు కొరకడం మరొకటి.

అన్నిటికన్నా తరచుగా చెడిపోయేది స్పైరల్ కేబుల్. స్టీరింగు తిరుగుతుంది, దాని వెనుక ఉన్న భాగం తిరగదు. మరి తిరిగే వస్తువుకు తీగ ఎలా కలపాలి? గడియారం స్ప్రింగులాగా చుట్టిన పలచని పట్టీ తీగను మధ్యలో పెట్టారు. స్టీరింగు ఇటు తిప్పితే బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. ఏళ్ళ తరబడి బిగిసి వదులై చివరికి అది తెగుతుంది.

మన బడికి పిల్లలను దింపే ఒక కారులో ఇదే జరిగింది. మలుపు తిరిగినప్పుడల్లా ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగేది. అదే సమయంలో హారను కూడా మోగేది కాదు. ఒక చోట "బల్బు తీసేస్తే సరిపోతుంది" అన్నారట. కానీ ఆలోచించి చూడండి. హారను తీగ, ఎయిర్‌బ్యాగ్ తీగ రెండూ కలిసి వెళ్ళే చోటు ఏది? స్పైరల్ కేబులే! రెండు రోగాలకు ఒకే కారణం ఉండగలిగిన చోట ముందు వెతకాలి. మరో మెకానిక్కు అది మార్చగానే హారను మోగింది, దీపం ఆరింది.

సగానికి సగం చేసి వెతకడం

కారు కంప్యూటరులో తప్పు ఒక కోడుగా దాచి ఉంటుంది. ఇంజను తప్పుల కోడ్లు "పి" అక్షరంతోను, ఎయిర్‌బ్యాగ్ వంటి వాటి కోడ్లు "బి" అక్షరంతోను మొదలవుతాయి. చౌకగా దొరికే స్కానర్లు చాలావరకు "పి" కోడ్లు మాత్రమే చదువుతాయి. వాటిలో తప్పు కనిపించలేదంటే ఎయిర్‌బ్యాగ్ బాగున్నట్టు కాదు. ఎయిర్‌బ్యాగ్ కోడ్లు కూడా చదవగల స్కానరు ఉన్న చోటికే వెళ్ళాలి. కొన్ని పాత టయోటాలలో మెకానిక్కు పరీక్షకు పెట్టగానే దీపమే మిణుకుమిణుకుమని కోడు చెబుతుంది. ఒకసారి వెలిగి, ఆగి, నాలుగుసార్లు వెలిగితే 14. ఆ అంకెకు అర్థం కారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

డ్రైవరు స్క్విబ్ వలయంలో తప్పుందని కోడు చెప్పిందనుకుందాం. ఆ వలయంలో నాలుగు భాగాలు ఉన్నాయి: కంట్రోల్ పెట్టె, నేల వెంట వచ్చే తీగలు, స్పైరల్ కేబుల్, ఎయిర్‌బ్యాగ్. తప్పు ఏ భాగంలో ఉంది? నాలుగూ మార్చేస్తే సరిపోతుంది కానీ జేబు ఖాళీ అవుతుంది. తెలివైన పద్ధతి ఇది.

ముందు ఎయిర్‌బ్యాగ్ తీసి, దాని కనెక్టరుకు కంపెనీ సూచించిన సుమారు రెండు ఓముల పరీక్ష రెసిస్టరు తగిలిస్తారు. మళ్ళీ కోడు చూస్తారు. తప్పు మాయమైతే దోషం ఎయిర్‌బ్యాగ్‌ది. ఇంకా ఉంటే, ఆ రెసిస్టరును ఒక మెట్టు వెనక్కి, స్పైరల్ కేబుల్‌కు ముందు తగిలిస్తారు. ఇప్పుడు తప్పు పోతే దోషం స్పైరల్ కేబుల్‌ది. అప్పటికీ ఉంటే తీగలది గాని, కంట్రోల్ పెట్టెది గాని. మేము ప్రోగ్రాములో తప్పు వెతికేదీ ఇలాగే. వరుసలో ఒక చోట నిలబడి "తప్పు ఇటువైపా, అటువైపా?" అని అడుగుతాం. రెండు మూడు ప్రశ్నల్లో దొంగ దొరుకుతాడు.

మోసగాడు గుచ్చినదీ రెసిస్టరే, మంచి మెకానిక్కు వాడేదీ రెసిస్టరే. ఒకరు నిజం దాచడానికి పెడతారు, ఒకరు నిజం తెలుసుకోవడానికి పెట్టి, పని కాగానే తీసేస్తారు.

చేతికి అందే దూరంలో నిప్పు

ఇప్పుడు ఒక లెక్క. ఓమ్ సూత్రం ప్రకారం వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. కారు బ్యాటరీ 12 వోల్టులు, స్క్విబ్ 2 ఓములు. 12ను 2తో భాగిస్తే 6 ఆంపియర్లు. స్క్విబ్ పేలడానికి ఎంత కావాలి? సుమారు 1.2 ఆంపియర్లు, అదీ సెకనులో వెయ్యో వంతులు రెండు చాలు. అంటే పొరపాటున ఒక తీగ తగిలినా కావలసిన దానికి ఐదు రెట్ల కరెంటు పారుతుంది. కరెంటు వస్తోందా అని 21 వాట్ల బల్బుతో పరీక్షించినా ప్రమాదమే. ఓములు కొలిచే మామూలు మీటరు కూడా తన సొంత బ్యాటరీతో కొంత కరెంటు పంపుతుంది. ఏ మీటరు ఎంత పంపుతుందో చెప్పలేం కాబట్టి స్క్విబ్‌ను మీటరుతో కొలవకూడదని కార్ల కంపెనీలన్నీ గట్టిగా చెబుతాయి.

ఈ పని నేర్చిన మెకానిక్కుది, మనది కాదు. అయితే అతను సరిగా చేస్తున్నాడో లేదో మనం చూడవచ్చు.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాక వెంటనే పని మొదలుపెట్టకూడదు. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా పనిచెయ్యాలని కంట్రోల్ పెట్టెలో కెపాసిటరు కరెంటును దాచుకుని ఉంటుంది. టయోటా 90 సెకన్లు, హోండా 3 నిమిషాలు ఆగమంటాయి. పుస్తకం దొరకకపోతే పది నిమిషాలు ఆగినా నష్టం లేదు. కనెక్టరు తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ ఇదే నియమం.

తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను మూత వైపు మనిషికి దూరంగా ఉండేలా పట్టుకోవాలి. బల్ల మీద మూత పైకి ఉండేలా పెట్టాలి. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు అది రాకెట్టులా లేస్తుంది.

స్పైరల్ కేబుల్ బిగించేముందు చక్రాలు తిన్నగా ఉండాలి, కేబుల్ సరిగ్గా మధ్యలో ఉండాలి. లేకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పిన మొదటి రోజే తెగుతుంది.

పసుపు తీగ తెగితే మెలేసి టేపు చుట్టకూడదు, ఆ తీగల కట్టనే మార్చాలి. ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగ్‌తో పాటు కంట్రోల్ పెట్టెను కూడా చాలా కార్లలో మార్చవలసి ఉంటుంది.

దీపం చెప్పలేని మాట

ఇంతవరకు దీపం చెప్పే మాటలు నేర్చుకున్నాం. కానీ దీపానికీ తెలియని సంగతి ఒకటి ఉంది. తల్లిదండ్రులు ఈ భాగం రెండుసార్లు చదవాలని మా మనవి.

తకాటా అనే జపాన్ కంపెనీ ఎన్నో కార్ల కంపెనీలకు ఎయిర్‌బ్యాగ్‌లు అమ్మేది. వాటి ఇన్‌ఫ్లేటర్లలో అమోనియం నైట్రేట్ మందు వాడారు. ఏళ్ళ తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు పాడవుతుంది. అప్పుడు ప్రమాదంలో మామూలుగా మండకుండా బాంబులా పేలి, ఇనుప డబ్బా ముక్కలు ఎదుటి మనిషి మీదికి దూసుకువస్తాయి. ప్రపంచమంతటా సుమారు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. కంపెనీ 2017 జూన్‌లో దివాలా తీసింది. 2014లో మలేషియాలో కూడా దీనివల్ల ప్రాణం పోయింది. అక్కడి వేడి, తేమ మనకు కొత్తవి కావు, యాంగోన్‌లోనూ అవే.

ఈ ఇన్‌ఫ్లేటరులో స్క్విబ్ బాగానే ఉంటుంది, రెండు ఓములు చక్కగా చూపిస్తుంది. దీపం ఆరు అంకెలకు ఆరిపోతుంది. లోపల మాత్రం నివురు గప్పిన నిప్పు. కాబట్టి దీనిని కనుక్కునే దారి ఒక్కటే: కారు ఛాసిస్ నంబరు. జపాన్‌లో అమ్మిన కార్ల నంబరు ప్రోబాక్స్‌కైతే ఎన్‌సిపి51 లాగా, పాత ఫిట్‌కైతే జిడి1 లాగా మొదలై, తరువాత ఒక గీత, అంకెలు ఉంటాయి. ఆ నంబరును తయారుచేసిన కంపెనీ జపాన్ వెబ్‌సైటులో ఇస్తే వెనక్కి పిలిచిన కారా, మరమ్మతు అయిందా అన్నది తెలుస్తుంది. పదిహేనేళ్ళు దాటిన కారున్న ప్రతి ఇంటివారూ ఈ పని చెయ్యాలి. జపనీస్ రాకపోతే మమ్మల్ని అడగండి, తరగతి అయ్యాక కూర్చుని చూసిపెడతాం.

పిల్లలకు నాలుగు మాటలు

పన్నెండేళ్ళు నిండేదాకా మీ చోటు వెనుక సీటు. ముందు సీటులో అమ్మ ఒడిలో కూర్చోవడం ముద్దుగానే ఉంటుంది కానీ, ఎయిర్‌బ్యాగ్ గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. చంటిపిల్లల వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు పెట్టకూడదు. బెల్టు లేని మనిషికి ఎయిర్‌బ్యాగ్ సాయం కన్నా హాని ఎక్కువ చెయ్యవచ్చు, కాబట్టి ముందు బెల్టు, తరువాతే ప్రయాణం.

కొత్త మాటలు

వలయం: కరెంటు బయలుదేరి తిరిగి అదే చోటికి చేరే దారి.
నిరోధం: కరెంటును అడ్డుకునే గుణం. దీనిని ఓములలో కొలుస్తారు.
తుప్పు: తడి, గాలి తగిలి లోహం మీద పట్టే పొర.
నివురు: నిప్పు మీద కప్పుకునే బూడిద.
రెప్పపాటు: కనురెప్ప వాల్చి ఎత్తేంత సమయం.

అభ్యాసం

1. దీపం అసలు వెలగని కారును ఎందుకు అనుమానించాలి?
2. స్క్విబ్ 2 ఓములు, కనెక్టరు తుప్పు 4 ఓములు. వలయం మొత్తం నిరోధం ఎంత? 12 వోల్టులకు ఎంత కరెంటు పారుతుంది?
3. హారను మోగక, దీపం కూడా వెలుగుతూ ఉంటే ముందు ఏ భాగం చూడాలి? ఎందుకు?
4. దీపం ఆరిపోయినా తకాటా ఇన్‌ఫ్లేటరు ప్రమాదకరమే. కారణం రెండు వాక్యాలలో రాయండి.

ఇంటి పని: ఈ వారం నాన్నగారో, తాతగారో, ట్యాక్సీ నడిపే మామయ్యో తాళం తిప్పుతున్నప్పుడు పక్కన నిలబడి ఒకటి నుంచి ఆరు దాకా తెలుగులో పైకి లెక్కపెట్టండి. దీపం ఎప్పుడు ఆరిందో పుస్తకంలో రాసుకుని, కారు ఛాసిస్ నంబరుతో పాటు వచ్చే తరగతికి తీసుకురండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అన్నారు. కారు దీపానికీ ఆ మాట వర్తిస్తుంది.